కవర్ల సంచి

ఆయన ఇంకా సంచి విప్పలేదు. అద్దంలో చూస్తూనే ఉన్నాను. హయత్‌నగర్‌లో బయలుదేరినప్పుడు ఒళ్ళో పెట్టుకున్న సంచి చింతలకుంట దాటినా ఒళ్ళోనే ఉంది, ఇప్పుడు ఎల్.బి.నగర్ చౌరస్తా కనబడేంత దూరంలో బండ్లన్నీ ఆగిపోయి పావుగంట అయినా ఒళ్ళోనే ఉంది, రెండు చేతులూ దాని మీద బోర్లించి వెనక సీట్లో సాంబమూర్తి సారు కదలకుండా కూర్చున్నాడు. చొక్కా జేబులో కళ్ళజోడు ఉంది. ఆ కళ్ళజోడు పెట్టుకుని, సంచిలో చెయ్యి పెట్టి, పద్నాలుగు కవర్లలో పైనున్నది ఒక్కటి లాగినా చాలు, క్రెడిట్ కార్డు మీద ఆయన పేరున బ్యాంకుకు ఎంత బాకీ ఉందో కనబడుతుంది. లక్షా ముప్పై రెండు వేలు. అందులో ఆయన వాడింది ఒక్క రూపాయి లేదు. అంతా నేనే వాడాను, ఈ బండి కోసం, నా కింద ఉన్న ఈ ఇండికా కోసం. ఆయనకు తెలియదు. నాకు పది రోజుల నుంచి తెలుసు. బ్యాంకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది, రోడ్డు బాగుంటే పది నిమిషాలు. అంటే ఈ రోడ్డు ఎంతసేపు బందైతే చెప్పడానికి నాకు అంత గడువు. చెప్పేది కూడా పెద్దగా ఏం లేదు. సార్, తప్పైంది, బండి అమ్మి కడతాను. అంతే. మొన్న హయత్‌నగర్ డిపో దగ్గర ఒక బ్రోకరు బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, లక్షా నలభై ఇస్తానన్నాడు. అంటే సరిపోతుంది. సరిపోతుందని తెలిసిన దగ్గర నుంచే నాకు నిద్ర లేదు, సరిపోకపోతే బాగుండేది, ఏం చేస్తాం సార్, బండి అమ్మినా తీరదు అని చేతులెత్తేసేవాడిని.

ముందర బత్తాయి లారీ, వెనక బత్తాయి లారీ. కొత్తపేట మార్కెట్టుకు పోవాల్సినవి, మా నల్గొండ వైపు నుంచే వస్తాయి, మూడు రోజులుగా ఎక్కడో ఒక దగ్గర ఆగుతూ వచ్చినట్టున్నాయి, కింది బస్తాల్లోంచి రసం కారి తారు మీద జిగురుగా పడుతోంది, ఈగలు అద్దం మీదికి వస్తున్నాయి. సమ్మె మొదలై మూడో వారం. బస్సులు డిపోల్లో, ఆఫీసులకు తాళాలు, బొగ్గు తవ్వేవాళ్ళు కూడా దిగిపోయారు కాబట్టి కరెంటు పూటకు నాలుగు గంటలు లేదు. ఇవాళ చౌరస్తాలో వంటా వార్పు. రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించి, తెలంగాణ ఇచ్చేదాకా దారి ఇయ్యం అని కూర్చోవడం. నాకు తెలుసు ఇవాళ ఉందని. పొద్దున సారు బ్యాంకు దాకా పోదామన్నప్పుడే తెలుసు. సరూర్‌నగర్ చెరువు వెనక సందుల్లోంచి పోవచ్చు, ఇరవై మూడేళ్ళుగా బండి తోలుతున్నాను, ఈ తూర్పు దిక్కు నాకు తెలియని సందు లేదు. అయినా తీసుకొచ్చి ఈ లారీల మధ్యన పెట్టాను. ఎందుకు పెట్టానో నా పెళ్ళాం సుమిత్రమ్మ అడిగితే చెప్పలేను, అడగదు కూడా, పొద్దున సంచి నా చేతికిస్తూ నా మొహం చూడలేదు. కవర్లన్నీ తేదీల ప్రకారం సర్దింది, నేను డబ్బు కట్టిన ప్రతి నెల కవరుకూ దాని రసీదు గుండుసూదితో గుచ్చింది. చూస్తే ఎంత పద్ధతిగా ఉంటుంది.

పద్ధతిగానే కట్టాను. అది ఎవరికి చెప్పాలి. ఈ బండి రెండు వేల ఎనిమిదిలో తీసుకున్నాను, ముప్పై ఆరు కిస్తులు, నెలకు తొమ్మిది వేల నాలుగు వందలు. ఇరవై రెండు కిస్తులు ఎవరి సాయం లేకుండా నేనే కట్టాను, కాల్ సెంటర్ పిల్లలను రాత్రీ పగలూ ఎక్కించి దించి. తర్వాత బందులు. వారానికి రెండు బందులు, మూడు బందులు, బంద్ రోజు ట్రిప్పు లేదు, ట్రిప్పు లేనిదే పైసా లేదు, కంపెనీ పిల్లలను ఆఫీసులోనే పడుకోమనేది. రెండు కిస్తులు తప్పగానే ఫైనాన్సువాడు పంపిన పోరడు, మీసాలు కూడా సరిగ్గా రానివాడు, హయత్‌నగర్‌లో మా గేటు ముందే బండి తాళం గుంజుకున్నాడు. అప్పుడు సాంబమూర్తి సారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. ఇల్లు ఆయనది, వెనక రెండు గదుల్లో కిరాయికి మేము, తొమ్మిదేళ్ళు. కృష్ణా జిల్లా మనిషి, ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. పేపరు మడిచి లోపలికి పోయి, బీరువాలోంచి కార్డు తెచ్చాడు, కవరు కూడా చింపని కొత్త కార్డు. "పెన్షను ఖాతా ఉందని బ్యాంకువాళ్ళు పంపారయ్యా, నేనెప్పుడూ వాడలేదు. నీకు పనికొస్తే వాడుకో, నెలనెలా వాళ్ళది వాళ్ళకు కట్టేయి" అన్నాడు. తాళం గుంజుకున్న పోరడు ఆ మాట విని తాళం నా చేతిలో పెట్టాడు. అందరి ముందు ఒక కొడుకు తండ్రి చేతిలో పెట్టినట్టు పెట్టాడు. ఆ రోజు నేను ఏడవలేదు గాని బాత్‌రూములోకి పోయి నల్లా విప్పి నిలబడ్డాను.

కార్డు గీకి బండి కిస్తు కట్టడమంటే ఫైనాన్సు ఆఫీసులో గీకనివ్వరు, వాళ్ళకు నోట్లే కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రసన్నకుమార్ అని సెల్‌ఫోన్ల దుకాణం వాడున్నాడు, ఫోను కొన్నట్టు బిల్లు రాస్తాడు, కార్డు గీకుతాడు, నూటికి మూడు పట్టుకుని మిగతాది నోట్లు లెక్కపెడతాడు. ఫోను ఉండదు, ఫోను బిల్లు ఉంటుంది. ఆ లెక్కన నేను పద్నాలుగు ఫోన్లు కొన్నాను, నా చేతిలో ఉన్నది మాత్రం టేపు చుట్టిన పాతదే. ఆ నోట్లు తీసుకుపోయి ఫైనాన్సులో కట్టేవాడిని. నెల తిరిగేసరికి కార్డు కవరు వచ్చేది, అందులో ఇంగ్లీషు, అంకెలు, గళ్ళు. నేను ఏడో తరగతి సగంలో బడి మానేసినవాడిని, ఇంగ్లీషులో నా పేరు రాస్తాను, బోర్డులు చదువుతాను. కవరు పట్టుకుపోయి ప్రసన్నకుమార్‌కు చూపించాను, ఎంత కట్టాలి అని. వాడు గిరాకీలో ఉండి, ఒక గడి మీద గోరు పెట్టి, "గిదొక్కటి కట్టన్నా, ఏం గాదు" అన్నాడు. ఐదు వందలు. నేను అనుకున్నాను, ఓహో, కార్డుకు కూడా కిస్తు ఉందన్నమాట. ఎందుకు అనుకోకూడదు. నా జన్మలో నేను చూసిన అప్పులన్నీ కిస్తులే. రోజువారీ ఫైనాన్సు కిస్తే, చిట్టీ కిస్తే, ఈ బండీ కిస్తే. వాడు రాసిన అంకె నెలనెలా కడుతూ పోతే ఒక రోజు అయిపోతుంది. నెల నెలా గీకుతున్నాను కాబట్టి ఆ గడిలో అంకె పెరిగింది, వెయ్యి, మూడు వేలు, ఆఖరుకు ఆరు వేలు. పెరిగినా కట్టాను. సుమిత్రమ్మ మిషను కుట్టిన డబ్బులు కూడా అందులో పోశాను. బండి కిస్తులు అయిపోయాయి, ఇక ఇది కూడా ఇంకొన్ని నెలల్లో అయిపోతుందని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆగస్టులో ఆఖరు కిస్తు కట్టిన రోజు పావుకిలో జిలేబీ తెచ్చాను, సారు ఇంట్లో కూడా ఇచ్చాను. సారు భార్య వేదవతమ్మ నవ్వి, "ఇక బండి నీదేనన్నమాట లింగస్వామీ, అయ్యగారిని తిరుపతి తీసుకెళ్ళాలి మరి" అంది.

పది రోజుల కింద జ్యోతిక చూసింది. మా బిడ్డ, దిల్‌సుఖ్‌నగర్‌లోనే బీకాం చదువుతుంది, సమ్మెకు కాలేజీ బంద్ కాబట్టి ఇంట్లో ఉంది. ట్రిప్పులు లేక పోయిన నెల నేను కార్డుకు కట్టలేదు, కొత్త కవరు వచ్చి బల్ల మీద పడి ఉంది. ఊరికే తీసి చదివింది. చదువుతూ చదువుతూ ఆగింది. "నాయినా, నెలకు గింతేనా కట్టింది?" అంది. అవును, కిస్తు అంతే కదా అన్నాను. "ఇది కిస్తు కాదు నాయినా. కనీసం గింతన్న కడితే ఫైన్ ఎయ్యమంటున్నరు, గంతే. అసలు బాకీ ఇగో, ఇదీ. మీద నెలనెలా వడ్డీ, నువ్వు కట్టిందంతా వడ్డీకే పోయింది చూడు." నేను చెయ్యెత్తాను. అది తల వంచుకోలేదు, అట్లనే చూసింది, "కొట్టు, కొడితే తగ్గుతదా" అంది. చెయ్యి దించాను. ప్రసన్నకుమార్‌కు ఫోన్ చేస్తే, "నేను ఫైన్ పడకుంట ఎంత కట్టాల్నో చెప్పిన అన్నా, అంతా తీరుతదని అన్ననా?" అని పెట్టేశాడు. నిజమే, అనలేదు. బ్యాంకువాడూ అనలేదు. సారూ అనలేదు. నాకు ఎవరూ అబద్ధం చెప్పలేదు, అదే నాకు మంట, ఎవరి గల్లా పట్టుకోవాలో తెలియదు.

లారీ క్లీనర్ దిగి మూత్రానికి పోయాడు. ముందు నుంచి డప్పులు. పొయ్యిల పొగ ఇటే వస్తోంది. వెనక సారు కదిలాడు. ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు. పెట్టి ఒక కవరు తీశాడు. పైనున్నదే, ఆఖరుదే. దాన్ని అటూ ఇటూ తిప్పాడు, నేను అద్దంలోంచి కళ్ళు తీయలేదు, ఇక అయిపోయింది, నేను చెప్పకుండానే అయిపోతుంది, పోనీ అదే మంచిది అనుకున్నాను. ఆయన దాంతో విసురుకోవడం మొదలుపెట్టాడు. లక్షా ముప్పై రెండు వేలు మొహం ముందు అటూ ఇటూ ఊపుకుంటూ, "ఏసీ వద్దులే లింగస్వామీ, డీజిలు దండగ" అన్నాడు. "ఏసీ పనిజేస్తలేదు సార్" అన్నాను. పనిచేస్తుంది.

ఈయన ఎందుకు చూడడు. తొమ్మిదేళ్ళలో మొదటి ఏడేళ్ళూ ఈయన కరెంటు బిల్లులో మూడు రూపాయల తేడా వస్తే గది ముందుకు వచ్చి నిలబడి లెక్క చెప్పించుకున్న మనిషి. కిరాయి రెండో తారీఖు దాటితే దగ్గేవాడు. కూరగాయల బండివాడి తూకం రాయి తీసుకుని తన తక్కెడలో పెట్టి చూసేవాడు. మరి ఉద్యమం ముదిరాక, రెండు వేల తొమ్మిది డిసెంబరులో, మా కాలనీలో ఆంధ్ర పేరున్న స్కూలు బోర్డు మీద రాళ్ళు పడ్డ రోజు, పదిమంది పోరగాళ్ళు మా సందులోకి కూడా వచ్చారు. నేను బండి తుడుస్తున్నాను. గేటుకు అడ్డంగా నిలబడి "ఇది నా ఇల్లురా, పోండి" అన్నాను. పోయారు. అంతే జరిగింది, దాన్ని గొప్ప అని నేను అనుకోలేదు, వాళ్ళలో సగం మంది నాకు తెలిసినవాళ్ళే. కాని ఆ రోజు నుంచి సారు మారిపోయాడు. కరెంటు బిల్లు అడగడం మానేశాడు. ఐదో తారీఖు ఇచ్చినా, పదో తారీఖు ఇచ్చినా, లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుంటాడు. నేను బండి నంబరు ప్లేటు మీద ఏపీ తీసేసి టీజీ అంటించినప్పుడు దగ్గరకొచ్చి చూసి, "అక్షరాలు వంకర లేకుండా అంటించావయ్యా" అని మెచ్చుకున్నాడు. కార్డు కవర్లు ఆయన పేరునే వస్తాయి, ఆయన చేతికే ఇస్తాడు పోస్టుమాను, ఒక్కటి విప్పలేదు. అట్లనే తెచ్చి నా గది కిటికీలో పెట్టి, "లింగస్వామీ, నీది" అని పోయేవాడు. ఒకసారి వేదవతమ్మ, "ఒక్కసారి చూడరాదూ ఎంత కడుతున్నాడో" అంటే, "చూస్తే నమ్మలేదనుకుంటాడు, ఈ రోజుల్లో మనం అట్లా అనిపించుకోకూడదు" అన్నాడు, గోడ ఇవతల నాకు వినబడింది. విని ఎంత పొంగిపోయాను. నేను కూడా ఊరుకున్నానా, ఆయన ఇంగ్లీషు దొరల దగ్గర నేర్చినంత ఇంగ్లీషు వచ్చినవాడు, గోడ అవతలే ఉన్నాడు, సార్ ఇది ఏమిటో చదివి పెట్టండి అని ఒక్కనాడు అడిగితే పోయేది. అడగలేదు. మీకు చదువు రాదు, మీకు ఆఫీసులు నడపడం రాదు అని వాళ్ళ నాయకులు టీవీలో అంటున్న రోజులు, అప్పుడు పోయి ఆయన ముందు కవరు పట్టుకుని నిలబడమంటారా. ఆయన మర్యాద ఆయనకు, నా రోషం నాకు. మధ్యన బ్యాంకువాడు నెలనెలా వడ్డీ వేసుకున్నాడు.

అద్దం మీద టకటక. అంతయ్య. మెడలో గులాబీ కండువా, చేతిలో అట్ట ప్లేట్ల కట్ట. మా రామన్నపేట దిక్కువాడే, ఆటో యూనియన్ లీడరు, నాతోపాటే లారీ క్లీనరుగా బతుకు మొదలుపెట్టినవాడు.

"ఏందే లింగస్వామన్నా, బండి తీసినవ్? సమ్మె నీకు లేదా?"

"దవాఖానకు పోతున్ననే. అర్జెంటు."

"ఎవరికి బాగలేదు?"

నేను వెనక్కి చూశాను. ఎందుకన్నానో ఆ మాట, నోట్లోంచి వచ్చేసింది. వెనక నుంచి సారు దగ్గాడు. మామూలుగా కాదు, ఛాతీ పట్టుకుని, పక్కకు వంగి, రెండు మూడు సార్లు దగ్గాడు. నా అబద్ధానికి ఆయన దగ్గు అరువిచ్చాడు. జీవితంలో ఒక సెలవు చీటీ కూడా అబద్ధంగా రాయలేదని చెప్పుకునే మనిషి.

అంతయ్య తల లోపలికి పెట్టి చూశాడు. "ఆంధ్ర సారా?"

"అవునయ్యా" అన్నాడు ఆయనే, నేను నోరు తెరిచే లోపల. "వచ్చి ముప్పై ఒక్క సంవత్సరాలు."

"ముప్పై ఒకటా! నేను పట్నం ఒచ్చి ఇరవై ఆరే. నాకంటే నువ్వే పాతోనివి సార్." అంతయ్య నవ్వాడు. "సరే, అన్నం తినిపోవాలె. మా వంట తినకుంట ఎవ్వల్ని ఇడుస్తలేం."

రెండు ప్లేట్లు వచ్చాయి, అన్నం, పప్పుచారు, ఉల్లిపాయ ముక్క. సారు ప్లేటు కవర్ల సంచి మీదే పెట్టుకుని తిన్నాడు, ఒక్క మెతుకు కింద పడకుండా. తిని, "బాగుందయ్యా, ఉప్పు కొంచెం తగ్గింది" అన్నాడు.

"ఉప్పు మీ దిక్కే కదా సార్, సముద్రమంత మీరే ఉంచుకున్నరు" అన్నాడు అంతయ్య. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. సారు కూడా నవ్వాడు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు, చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను. అంతయ్య పోతూ పోతూ నా భుజం మీద చెయ్యేసి, "బండి కిస్తులు అయిపోయినయట కదనే, మొగోనివే నువ్వు. మా ఆటోలు సగం ఫైనాన్సోళ్ళు ఎత్తుకపోయిన్రు" అన్నాడు. నేను తల ఊపాను. ఖాళీ ప్లేటు మడిచి సీటు కింద పెట్టాను.

ఇప్పుడు చెప్పొచ్చు. కడుపు నిండింది, ఆయన మనసు చల్లబడింది. చెబితే ఏమంటాడు, తిట్టడు, తిట్టడం ఆయనకు రాదు. అయ్యో అంటాడు. బండి అమ్ముతాను సార్ అంటే వద్దంటాడు, లేకపోతే సరే అంటాడు. సరే అంటే. రేపటి నుంచి నేను ఎవరి బండికో డ్రైవరును, నలభై ఏడేళ్ళకు మళ్ళీ ఎవడో పిలిచి అరేయ్ అంటే పలకాలి, తాళం సాయంత్రం అప్పగించాలి. జ్యోతికకు ఇంకా ఏడాది ఫీజు. మూడేళ్ళు ఈ సీటులో కూర్చుని నా నడుము పోయింది, ఆ నడుము బ్యాంకువాడికి వడ్డీ కింద ఇచ్చాను, ఇప్పుడు సీటు కూడా ఇవ్వాలా. ఆయనకేం, పెన్షను వస్తుంది, ఇల్లుంది, వేదవతమ్మ మోకాలి ఆపరేషనుకని డిపాజిట్ ఉంది, ఎంతో నాకు తెలుసు, లక్షన్నర. మోకాలు ఇంకొన్నాళ్ళు ఆగలేదా, తొమ్మిదేళ్ళుగా గోడ పట్టుకునే నడుస్తుంది ఆమె. ఈ ఆలోచన నాకే వచ్చింది. ఇంకొకటి కూడా వచ్చింది, దాన్ని కూడా చెబుతాను, ఎవరికి భయం. తెలంగాణ వస్తే వీళ్ళు ఇల్లు అమ్ముకుని వాళ్ళ దిక్కు వెళ్ళిపోతారేమో, వెళ్ళిపోతే కార్డు, కవర్లు, బాకీ అన్నీ వాళ్ళ వెంటే పోతాయేమో. పోరగాళ్ళ ముందు గేటుకు అడ్డంగా నిలబడ్డవాడిని నేనే, ఈ మాట అనుకున్నవాడినీ నేనే. చౌరస్తాలో జై తెలంగాణ అంటున్నారు, నేను కూడా పెదవులు కదిపాను, ఏ దేవుడికి మొక్కుతున్నానో నాకే తెలియదు.

"సార్" అన్నాను.

"ఆ, చెప్పు." ఆయన నా పిలుపు కోసమే ఉన్నట్టు ముందుకు వంగాడు. నేను స్టీరింగు మీద ఉన్న ఒక పప్పు మరక గోరుతో గీకాను.

"బ్యాంకు ఎన్ని గంటల దాక ఉంటది సార్?"

"నాలుగింటిదాకా ఉంటుందిలే. కంగారు పడకు." వెనక్కి జారగిలబడి ఆయనే మొదలుపెట్టాడు. "నిన్న ఇంటికి ఫోన్ చేశాడు చూడు ఒకడు. ఆవిడ ఎత్తింది. సాంబమూర్తి ఉన్నాడా అన్నాడట. ఉన్నాడా! డబ్బు కట్టకుండా ఎక్కడ దాక్కున్నాడు, ఇంటికి మనుషుల్ని పంపమంటావా అన్నాడట. ఆవిడ రాత్రి అన్నం తినలేదు. ముప్పై నాలుగేళ్ళు సర్వీసు చేశానయ్యా, ఆఫీసులో అటెండరు దగ్గర కూడా చేబదులు తీసుకోలేదు." నిన్న సాయంత్రం ఆ ఫోను మోగినప్పుడు నేను వెనక వాకిట్లోనే ఉన్నాను. వేదవతమ్మ "ఎవరు బాబూ, ఎవరు బాబూ" అని రెండుసార్లు అడగడం విన్నాను. విని గదిలోకి పోయి టీవీ సౌండు పెంచాను.

డప్పులు ఆగాయి. ముందు లారీ ఇంజను గుర్రుమంది. ఒకటి తర్వాత ఒకటి బండ్లు కదలడం మొదలైంది, పోలీసు విజిల్ వేస్తున్నాడు, పొయ్యి రాళ్ళు పక్కకు దొర్లించారు, బూడిద మీద నీళ్ళు చల్లారు. గడువు అయిపోయింది. ఇంకా ఐదు నిమిషాలు ఉంచితే వీళ్ళ సొమ్మేం పోయేది. గేరు వేశాను. చౌరస్తా దాటాం, కొత్తపేట మార్కెట్టు ముందు లారీలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, చైతన్యపురి దగ్గర కరెంటు లేదు, దుకాణాల ముందు జనరేటర్లు మొత్తుకుంటున్నాయి.

"లింగస్వామీ, ఒకటి అడగనా? ఏమీ అనుకోవద్దు."

"అడుగున్రి సార్."

"నెలనెలా కట్టావు కదా?"

పద్నాలుగు నెలల్లో, ఆ మాటకొస్తే రెండేళ్ళలో, ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న. ఎంత కట్టావు అనలేదు. రసీదులేవీ అనలేదు. కట్టావు కదా అని, అవును అనడానికి దారి కూడా ఆయనే వేసి పెట్టాడు.

"కట్టిన సార్. సమ్మె మొదలైనంక పోయిన నెల ఒక్కటే తప్పింది."

అబద్ధం కాదు. ఒక్క ముక్క అబద్ధం లేదు. అద్దంలో ఆయన మొహం చూశాను, దాని మీది ముడతలన్నీ విడిపోయాయి, చిన్నపిల్లవాడికి జ్వరం దిగినట్టు.

"నాకు తెలుసయ్యా. ఆవిడతో కూడా అదే అన్నాను, లింగస్వామి ఎగ్గొట్టే మనిషి కాదు, బ్యాంకువాళ్ళే ఎక్కడో లెక్క తప్పారు అని. ఒక్క నెల తప్పితే అంత మాటంటారా! ఇవాళ వదలను. రసీదులన్నీ వాళ్ళ మొహాన కొడతాను. చదువుకోనివాడు కదా అని నిన్ను దబాయిస్తున్నారు, వాళ్ళ సంగతి నేను చూస్తాను."

నా తరఫున పోట్లాడటానికి పోతున్నాడు. నేను బండి నడుపుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు సెంటర్ల బోర్డులు, సినిమా పోస్టర్ల మీద అంటించిన ఉద్యమం పోస్టర్లు, ఎడమ పక్కన అద్దాల తలుపుల బ్యాంకు. ఆపాను. ఆయన దిగాడు, సంచి చంకలో పెట్టుకున్నాడు, చొక్కా సర్దుకున్నాడు, ఆఫీసుకు పోయే రోజుల్లో ఇట్లాగే సర్దుకునేవాడేమో. నా కిటికీ దగ్గరకొచ్చి, "నువ్వు కూడా రావయ్యా. కట్టినవాడివి నువ్వు, నువ్వు పక్కనుంటే గట్టిగా ఉంటుంది" అన్నాడు.

"ఈడ బండి ఆపితే పోలీసోళ్ళు గుంజుకపోతరు సార్. మీరు పొండి, నేను బండి కాడ ఉంట."

ఆయన రోడ్డు అటూ ఇటూ చూశాడు. సమ్మె రోజు, పోలీసులందరూ చౌరస్తాలో ఉన్నారు, బ్యాంకు ముందు నా బండి తప్ప ఇంకో బండి లేదు. అయినా తల ఊపాడు. "అవునవును, బండి జాగ్రత్త" అన్నాడు. మెట్లు మెల్లగా ఎక్కాడు. తలుపు దగ్గర గార్డు సలాం కొడితే తిరిగి నమస్కారం పెట్టాడు.

అద్దాల్లోంచి అంతా కనబడుతోంది. జనరేటరు వెలుతురు ఉంది లోపల. నలుగురే ఉన్నారు లైనులో. ఆయన వంతు వచ్చింది. సంచి బల్ల మీద పెట్టి కవర్లు ఒక్కొక్కటే తీసి వరసగా పేరుస్తున్నాడు, గుండుసూదులు తీసి రసీదులు పక్కన పెడుతున్నాడు, చెయ్యి ఎత్తి ఏదో అంటున్నాడు, గట్టిగానే అంటున్నట్టుంది, లైనులో వాళ్ళు ఇటు తిరిగారు. చెయ్యి చాపి బయటికి, నా వైపు, నా బండి వైపు చూపించాడు. అక్కడే ఉన్నాడు, కట్టినవాడు అక్కడే ఉన్నాడు అని ఉంటాడు. బల్ల అవతలి అమ్మాయి నిదానంగా విన్నది. కంప్యూటరులో చూసింది. తర్వాత ఒక కవరులోని కాగితం విప్పి, ఆయన వైపు తిప్పి, పెన్నుతో ఒక గడి కింద గీత గీసింది. ఇంకో గడి కింద ఇంకో గీత. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీశాడు. పెట్టుకుని కాగితం మీదికి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. ఆ అమ్మాయి ఏదో అడిగింది, పక్కనున్న కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. జేబులోంచి పాస్‌బుక్కు తీశాడు, నీలం అట్టది, మోకాలి డిపాజిట్‌ది, ఇంటి నుంచే తెచ్చుకున్నాడన్నమాట, పోట్లాట ఓడిపోతే కట్టడానికి. దాన్ని బల్ల మీద పెట్టి ఆమె వైపు జరిపాడు. ఆమె ఇచ్చిన ఫారం మీద సంతకం పెట్టాడు, ఒకటి, రెండు, మూడు చోట్ల. తర్వాత తిరిగి అద్దంలోంచి నా బండి వైపు చూశాడు. కోపం లేదు. అవునా, అని అడుగుతున్నట్టు చూశాడు.

దిగి పది మెట్లు ఎక్కితే చాలు. ఫారం ఇంకా బల్ల మీదే ఉంది, ఆ అమ్మాయి ఇంకా ముద్ర వెయ్యలేదు. తలుపు హ్యాండిల్ మీద చెయ్యి పెట్టాను. చెమటకు చెయ్యి జారింది. మళ్ళీ పెట్టలేదు. సీటు మీది దుమ్ముగుడ్డ తీసుకుని ముందు అద్దం లోపలి వైపు తుడవడం మొదలుపెట్టాను, శుభ్రంగా ఉన్న చోటే, ఆమె ముద్ర ఎత్తి వేసేదాకా.